అంకుశం గురించి అడిగినప్పుడు

నిఘంటు కార్యాలయంలో కొత్తగా చేరినవాళ్ళకు పదాలమ్మ మొదటిరోజునే ఒక సంగతి చెప్పేది. "మాటకి పుట్టిల్లు ఒకటి, అత్తిల్లు ఒకటి. పుట్టిల్లు ఎక్కడో కనుక్కోండి, మంచిదే. కానీ అది ఇప్పుడు కాపురం చేస్తున్నది అత్తింట్లో. చిరునామా రాయమన్నప్పుడు పుట్టింటిది రాసి చేతులు దులుపుకోకండి."

అత్తిల్లు అంటే ఏమిటో ఎరగని మనిషి అత్తింటి కాపురం గురించి చెబుతుంటే వినేవారికి నవ్వు ఆగేది కాదు. ఆమె కూడా వారితో కలిసి నవ్వేది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "నాకు ఇన్ని బీరువాల నిండా సంతానం ఉంటే ఇంకెందుకు" అనేది. ఆమెకు ఆ పేరు పెట్టింది వీధిలోని పిల్లలు. తరవాత పాలవాడూ, చాకలీ, చివరికి సొంత మరదలూ కూడా పదాలమ్మ అనడం మొదలుపెట్టారు. అసలు పేరు జీతం పట్టీలో తప్ప మరెక్కడా వినబడేది కాదు.

ఆ కార్యాలయం ఒక పాత భవనపు పై అంతస్తులో ఉండేది. మెట్లెక్కగానే జిగురు వాసన, పాత కాగితాల వాసన కలిసికట్టుగా ఎదురొచ్చేవి. పొడుగాటి హాల్లో ఇనుప బీరువాలు వరసగా నిలబడి ఉండేవి. ఒక్కొక్క తలుపు మీద తెల్లరంగుతో ఒక్కొక్క అక్షరం. 'న' బీరువా తలుపు ఎంత నొక్కినా మూతపడేది కాదు. "లేదు, కాదు అని చెప్పే మాటలన్నీ ఇందులో చేరాయి. మూసుకోమంటే ఎందుకు మూసుకుంటాయి?" అని పదాలమ్మ దానికి ఒక బల్ల అడ్డం పెట్టించి, ఆ బల్లనే తన బల్ల చేసుకుంది.

అక్కడి పని పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ఒక మాటకు ఎన్ని అర్థాలున్నా వాటిని వయసు ప్రకారం వరసపెట్టడం ఆ కార్యాలయపు నియమం. అన్నిటికన్న పాత అర్థానికి ఒకటో అంకె. జనం నేడు వాడే అర్థం ఎంత బలమైనదైనా, వెనక వచ్చింది గనక చివరి అంకె. లోపలివాళ్ళకు ఇది కొట్టినపిండి. పుస్తకం కొనుక్కున్నవాళ్ళు మాత్రం ఒకటో అంకె పక్కన ఉన్నదే అసలు అర్థమని, తక్కినవి కొసరు అని అనుకునేవారు. పీఠికలో వివరం ఉంది. నిఘంటువుకు పీఠిక ఉంటుందన్న సంగతి దాన్ని రాసినవాడికి తప్ప ఎవరికి గుర్తుంటుంది?

పదాలమ్మకు ఉన్న నా అన్నవాడు తమ్ముడొక్కడే. వాడికి ఊహ తెలియకముందే తల్లి పోయింది. తల దువ్వడం మొదలు లెక్కలు చెప్పడం దాకా అన్నీ అక్కే చేసింది. చదువు మీద వాడికి గురి కుదరలేదు; బండి చక్రం మీద కుదిరింది. సిటీ బస్సు డ్రైవరయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఒక ఆడపిల్లకు తండ్రయ్యాడు. కింద వాటాలో వాళ్ళు ముగ్గురు, పై గదిలో అక్క. భోజనం మాత్రం అందరికీ కిందే, వంటింటి గచ్చు మీద. డ్యూటీ దిగి వచ్చినవాడు కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చుంటూ రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఇవాళ ఏ మాట పట్టావక్కా?"

ఆ సంవత్సరం ఆమె 'ని' దగ్గర ఉంది. అంతకు కొద్దికాలం ముందే 'నియంత' ముగించింది. ఆ మాటకు పుట్టింట్లో రథం తోలేవాడని అర్థం. పగ్గాలు పట్టుకుని గుర్రాలను అదుపు చేసేవాడు.

"అంటే నేనన్నమాట!" అని తమ్ముడు ఛాతీ విరుచుకున్నాడు. "ఏమే, విన్నావా? ఇవాళ్టి నించి నన్ను నియంతగారూ అని పిలు."

"పిలుస్తా. ముందు ఆ చెంబుడు నీళ్ళు పట్టుకురండి నియంతగారూ" అంది వాడి భార్య.

అలాంటి ఒక సాయంత్రమే 'నిరంకుశుడు' వచ్చింది.

"అదెవరక్కా, మా డిపో మేనేజరా?"

"వాడికంత లేదు లేరా. అంకుశమంటే మావటివాడి చేతిలో ఉండే ఇనుప కొక్కెం. ఏనుగు దారి తప్పితే దాంతో పొడిచి దారికి తెస్తాడు. ఆ అంకుశం అంటూ లేని ఏనుగు నిరంకుశం. అక్కడ పుట్టింది మాట. తరవాత మనుషుల మీదికొచ్చింది."

"పాపం, ఏనుగుకేం తెలుసు? దాని నడక అది నడుస్తుంది."

ఆ మాటకు పదాలమ్మ ముద్ద కలపడం ఆపేసింది. పొద్దుటి నుంచీ తన మనసులో నలుగుతున్నదేదో వాడి నోట సగం వచ్చేసరికి, తక్కిన సగం ఆమె ఆపుకోలేకపోయింది.

"అదే కదురా నేననేది! సరిగ్గా చూడు. ఈ మాట ఏనుగుని ఒక్క తిట్టు తిట్టదు. చెడ్డదనదు, క్రూరమైందనదు. అంకుశం లేదు అంటుంది, అంతే. లేదూ అంటే, పట్టుకోవాల్సినవాడెవడో వదిలేశాడనేగా? తొక్కింది ఏనుగే. తప్పు మాత్రం మావటిది. జనాన్ని తొక్కే ప్రతివాడి వెనకా అంకుశం జారవిడిచి చెట్టు కింద కునుకు తీస్తున్నవాడొకడు ఉంటాడు. వాడి పేరు ఏ నిఘంటువులోనూ ఉండదు."

తమ్ముడు ముద్ద ఎత్తకుండా విన్నాడు. "ఇదంతా పుస్తకంలో రాస్తావా?" అన్నాడు చివరికి.

"రాయకూడదు. నిఘంటువులో మన అభిప్రాయాలు పనికిరావు. నీకు చెప్పాగా, చాలు."

"అయితే నా దగ్గర భద్రంగా ఉంటుందిలే" అని కంచం ముందుకు జరిపి మజ్జిగ పోయమన్నాడు.

పుస్తకంలో ఆ మాటకు మూడు అర్థాలు పడ్డాయి. ఒకటి: అంకుశం లేని ఏనుగు వంటివాడు. రెండు: ఎవరి కట్టుబాటుకూ లోబడనివాడు, పూర్వం కవులను గురించి మెచ్చుకోలుగా కూడా వాడేవారు. మూడు: అడ్డు చెప్పేవారు లేక ప్రజలను పీడించే పాలకుడు. మూడిటి మధ్యా ఉన్న తీగను ఆమె అచ్చులోకి ఎక్కనివ్వలేదు. నియమం నియమమే.

తరవాత కొన్నేళ్ళకు ఆ మూడో అర్థం దేశానికి అధినేత అయి కూర్చుంది.

ఆయన రావడం చట్టప్రకారమే వచ్చాడు. పోవలసిన గడువు వచ్చినప్పుడు మాత్రం గడువునే పంపించేశాడు. న్యాయస్థానాలను మూసివేయలేదు, ఆయనకు ఆ అవసరం కలగలేదు. తలుపులు తెరిచే ఉండేవి, గంటలు కొట్టే వేళకు కొట్టేవారు, లోపలికి వెళ్ళిన అర్జీలు బయటికి వచ్చేవి కావు. అటువంటి రోజుల్లో రవాణా ఉద్యోగుల మీద ఒక ఉత్తర్వు వెలువడింది. ఏ ఉద్యోగినైనా కారణం చూపకుండా, విచారణ జరపకుండా తొలగించవచ్చునన్నది దాని సారాంశం. కారణం చెప్పకుండా ఒక మనిషి అన్నం గిన్నెను తన్నేసే అధికారం ఎవరికీ ఉండరాదన్నది న్యాయశాస్త్రంలో ఓనమాలతో సమానం. ఓనమాలు మరచిపోయినవాళ్ళే ఆ ఉత్తర్వును వరసగా ఆమోదించుకుంటూ పోయారు.

డ్రైవరు తమ్ముడితో జోడీగా తిరిగే కండక్టరు ఒకనాడు జ్వరంతో మంచమెక్కి, అధినేత సభకు మనుషులను చేరవేసే బస్సు ఎక్కలేకపోయాడు. మర్నాడు డిపో గేటు దగ్గర వాణ్ణి లోపలికి రానివ్వలేదు. డ్రైవరు ఆగలేదు. గేటు పక్కన పడి ఉన్న పాత టైరు మీదికెక్కి నిలబడ్డాడు.

"ఎందుకు తీసేశారో చెప్పమన్నాం. చెప్పక్కర్లేదన్నారు. పోనీ ఎవర్ని అడగాలో చెప్పమన్నాం. ఎవర్నీ అడగక్కర్లేదన్నారు. ఇలాంటివాణ్ణి ఏమంటారో తెలుసా? మా అక్క రాసిన పుస్తకంలో ఉంది. నిరంకుశుడు అంటారు! పోయి చూసుకోండి!"

నోట్లో బీడీ అలాగే పెట్టుకుని విన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఒకడు చప్పట్లు కొట్టి, వెళ్ళి చెప్పాడు. సాయంత్రానికి పోలీసులు వచ్చి డ్రైవరును స్టీరింగు ముందు నుంచే దింపి తీసుకుపోయారు. అధినేత గౌరవానికి భంగం కలిగించాడన్నది అభియోగం. రుజువైతే మూడేళ్ళు.

మరదలు పై గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె ఎన్నడూ పై గదికి వచ్చేది కాదు, మోకాళ్ళ నొప్పులు.

"వదినా, నీ పుస్తకం మా కొంప ముంచింది."

"పుస్తకం ఏం చేసిందే? వాడు నోరు..."

"ఆ నోటికి మాటలు పెట్టిందెవరు? అందరి ఇళ్ళల్లో అన్నం పెడతారు. ఈ ఇంట్లో అన్నంతో పాటు మాటలు కూడా వడ్డించావు. ఇప్పుడు అరిగించుకో."

పదాలమ్మ లేచి, కుర్చీ ఆమె వైపు జరిపింది.

డ్రైవరు తరపున వాదించడానికి ఒప్పుకున్నది ఒక ముసలి లాయరు. అటువంటి కేసులు చాలా ఓడిపోయినవాడు గనక, కోపం పోయి ఉపాయం మాత్రం మిగిలింది ఆయనకు. ఇంటికే వచ్చి, వంటింటి గచ్చు మీద పీట వేయించుకుని కూర్చున్నాడు.

"అమ్మా, మీవాడు ఆ మాట అన్లేదని అనడానికి వీల్లేదు. డిపో అంతా విన్నది. మనకున్న దారి ఒకటే. ఆ మాటకి తప్పులేని అర్థం కూడా ఉందని తేలిస్తే, ఏ అర్థంలో అన్నాడన్న సందేహం పుడుతుంది. సందేహం పుడితే అది ముద్దాయి సొత్తు. అలా తేల్చగలిగింది మీరొక్కరే. పుస్తకం మీది, పైగా ప్రభుత్వ కార్యాలయం."

"నన్ను అబద్ధం చెప్పమంటున్నారా?"

"రామరామ! ఒక్క అబద్ధం వద్దు. మీ పుస్తకంలో ఒకటో అంకె పక్కన ఏముందో అది చెప్పండి చాలు."

"ఒకటో అంకె అంటే పాతదని లాయరుగారూ. ముఖ్యమైందని కాదు."

"ఆ సంగతి మీకు తెలుసు, ఇప్పుడు నాకూ తెలిసింది. మేజిస్ట్రేటుగారికి తెలియాల్సిన అవసరమేముంది?"

పుట్టింటి చిరునామా రాసి ఊరుకోకండని ఎందరికి చెప్పిందో ఆమెకు గుర్తుకు వచ్చింది. తల ఎత్తేసరికి ఎదురుగా మరదలు. పిల్లను ఒళ్ళో వేసుకుని, కళ్ళు ఆర్పకుండా చూస్తోంది.

"ఇంకా ఆలోచిస్తున్నావా వదినా?"

"లేదే. చెబుతాను" అంది పదాలమ్మ.

కార్యాలయంలో డైరెక్టరుగారు తలుపు వేయించి మరీ మాట్లాడాడు. మంచివాడే, అయితే ఆయన మంచితనం పింఛను దాకా నడవవలసిన మంచితనం. "వెళ్ళండి, సాక్ష్యం చెప్పండి. వద్దనడానికి నేనెవర్ని? కాకపోతే అడిగినదానికే జవాబు చెప్పండి. వ్యుత్పత్తి దగ్గర ఆగండి. మనం మాటలు భద్రపరిచేవాళ్ళమే గాని, మాటాడేవాళ్ళం కాదు. మీ ఒక్కరి నోటి వల్ల ఇంతమంది రోడ్డున పడకూడదు చూడండి." ఇంతమంది అంటున్నప్పుడు ఆయన చెయ్యి హాలు వైపు కాకుండా తన ఛాతీ వైపు తిరిగింది.

కోర్టు హాలు ఇరుకు. కిటికీ అద్దాలకు ఎప్పుడో పచ్చరంగు పూశారు. అది చాలాచోట్ల పెచ్చులూడి ఎండ మచ్చలు మచ్చలుగా పడుతోంది. సాక్షుల బోను పైకొయ్య ఎందరెందరో చెమట చేతులతో పట్టుకోవడం వల్ల నున్నగా, నల్లగా మెరుస్తోంది. ఎదుటి బోనులో తమ్ముడు. గడ్డం పెరిగింది. అక్కను చూడగానే కనుబొమలు ఎగరేసి, ఇవాళ ఏ మాట పట్టావు అన్నట్టు నవ్వాడు.

సత్యం చెబుతానని, పూర్తి సత్యం చెబుతానని, సత్యం తప్ప మరొకటి చెప్పనని ఆమె ప్రమాణం చేసింది. ఆ మూడింటిలో నడిమి మాట ఎంత బరువైనదో దాన్ని రోజూ చదివించే గుమాస్తాకు కూడా పట్టదు.

పదాలమ్మ చాలా బాగా మాట్లాడింది. నోరు తిరగని మావటి పనిముట్ల పేర్లు కూడా తడుముకోకుండా చెప్పింది. అంకుశం, అది లేని ఏనుగు, ఆ పోలిక మీద పుట్టిన మాట, వ్యాకరణపు కట్టుబాట్లు దాటిన కవులకు అది బిరుదులా దక్కిన వైనం: అన్నీ వరసగా, పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఒకటో అర్థంలో నిందేమీ లేదండి. రెండో అర్థంలో మెచ్చుకోలు కూడా ఉంది" అంది. మూడో అర్థాన్ని గురించి, అడగవలసిన ప్రాసిక్యూటరే అడిగాడు. "అది అన్నిటికన్న వెనక వచ్చినదండి, అందుకే చివర ఉంది" అని జవాబిచ్చింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధం చెప్పకుండానే సత్యాన్ని ఎగవేసే మార్గాలు న్యాయస్థానాల్లో చాలానే ఉన్నాయి, వాటికి ఏ శిక్షాస్మృతిలోనూ శిక్ష లేదు.

మేజిస్ట్రేటు వయసులో చిన్నవాడు. రోజంతా జేబుదొంగల మధ్య గడిపేవాడికి ఈ ఏనుగుల కథ గాలి మార్పులా ఉన్నట్టుంది. కలం కింద పెట్టి, నిజంగా తెలుసుకోవాలన్న కుతూహలంతోనే అడిగాడు.

"చాలా బాగుందమ్మా. ఒక్కటి చెప్పండి. ఏనుగు విషయంలో అంకుశం సరే. మనిషి విషయంలో, అంటే పాలకుడి విషయంలో, ఆ అంకుశం ఏమిటి? ఎవరి చేతిలో ఉండాలి?"

లాయరు ముఖం పాలిపోయింది. బోనులో తమ్ముడు ముందుకు వంగాడు. కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తకుండా ఎలా వినేవాడో అలా, నోరు కొంచెం తెరిచి, అక్క పెదాల వంకే చూస్తున్నాడు.

జవాబు ఆమె నాలిక చివర ఉంది. కొన్నేళ్ళుగా ఉంది. 'మీ చేతిలోనండి. మీరు కూర్చున్న ఆ కుర్చీ చేతిలో. పట్టుకోండి.' ఇంతే. అడిగింది సాక్షాత్తూ మేజిస్ట్రేటు; చెప్పమని ప్రమాణం చేయించింది ఆ కోర్టే. అంత దూరం చట్టం ఆమె చేయి పట్టుకుని నడిపించింది. ఒక్క అడుగు ఆమె వేయవలసి ఉంది.

డైరెక్టరు చెయ్యి గుర్తొచ్చింది. మరదలి చూపు గుర్తొచ్చింది. వాడు ఇంటికి రావాలి. ముందు వాడు ఇంటికి రావాలి.

"వ్యుత్పత్తి శాస్త్రం అంతవరకు పోదండి" అంది పదాలమ్మ. "అది మా పరిధిలోది కాదు."

"నిజమే, నిజమే" అని మేజిస్ట్రేటు మళ్ళీ కలం తీసుకున్నాడు. తమ్ముడు మెల్లిగా వెనక్కి వాలి, కిటికీ వైపు చూడసాగాడు.

వరండాలో లాయరు ఆమె చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "గండం గడిచిందమ్మా! ఆ ప్రశ్నకి నా గుండె నోట్లోకొచ్చింది, మీరు దాటించేశారు. ఇంక మిగిలింది రేపు మీవాణ్ణి అడగడం. 'నీ అక్కగారు చెప్పిన అర్థంలోనే అన్నావా' అంటారు, 'అవునండి' అంటాడు. సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు." మరదలు దారంతా వదిన చెయ్యి వదలలేదు. ఆ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. పదాలమ్మ ఆ రోజు కింద వాటాలోనే, ఆ చేతిని పట్టుకునే నిద్రపోయింది.

మర్నాడు డ్రైవరును నిలబెట్టారు. మేజిస్ట్రేటు స్వరం మెత్తగా ఉంది. వదిలేయాలని నిర్ణయించుకున్నవాడి స్వరం.

"నీ సోదరి సాక్ష్యం విన్నావు కదా. ఆ మాటని ఆమె చెప్పిన పాత అర్థంలోనే వాడావా?"

లాయరు తల ఊపుతూ సైగ చేస్తున్నాడు. డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"కాదండి."

"సరిగ్గా విని చెప్పు. అంకుశం లేని ఏనుగు అన్న అర్థంలో..."

"విన్నానండి. ఏనుగు గురించి ఆవిడ చెప్పింది నిజమేనండి. కానీ నేను టైరెక్కి అరిచింది ఏనుగుల గురించి కాదు కదండీ. జనాన్ని తొక్కేవాడన్న అర్థంలోనే అన్నాను. విన్నోళ్ళకి కూడా అలాగే అర్థమైంది, లేకపోతే చప్పట్లెందుకు కొడతారు?" కాస్త ఆగి, బోను కొయ్య మీద చేతులు పెట్టాడు. "నిన్న మీరొక ప్రశ్న అడిగారండి. అంకుశం ఎవరి చేతిలో ఉండాలని. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మాట ఏనుగుని తిట్టే మాట కాదండి. అంకుశం జారవిడిచినవాణ్ణి తిట్టే మాట. మా కండక్టరు తనని తీసేశారని అర్జీ పెట్టుకుంది ఈ కోర్టులోనేనండి. అది ఇంకా ఈ బిల్డింగులోనే ఎక్కడో ఉంది."

మేజిస్ట్రేటు ముఖం ముందు ఎర్రబడింది, తరవాత తెల్లబడింది. కుతూహలంతో అడిగిన ప్రశ్నకు జవాబు ఇంత దగ్గరగా ఉంటుందని ఆయన అనుకోలేదు.

"ఇది నీ సొంత తెలివి కాదు. నీకీ వ్యాఖ్యానం ఎవరు చెప్పారు?"

పదాలమ్మ మూడో వరసలో కూర్చుని ఉంది. కాళ్ళు లేవమంటున్నాయి. లేచి, 'నేనండి, నేనే చెప్పాను, వంటింట్లో' అంటే చాలు. అంటే ఆమె ఉద్యోగం పోవడమే కాదు, ముందురోజు చేసిన ప్రమాణం కూడా మెడకు చుట్టుకుంటుంది; తన పరిధిలోది కాదన్నది ఆమే కదా. తమ్ముడు ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

"గుర్తులేదండి. ఎవరో బస్సెక్కినాయన అంటుంటే విన్నాను."

పదాలమ్మ లేవలేదు.

తీర్పు వారం తిరక్కుండా వచ్చింది. అందులో ఒక వాక్యాన్ని ఆమె కార్యాలయంలో అందరూ చదివారు: "నిందితుడు వాడిన పదానికి నిర్దోషమైన ప్రాచీనార్థము గలదని అతని తరపు నిపుణ సాక్షియే నిస్సంశయముగా నిరూపించినందునను, ఆ అర్థమును స్వీకరించు అవకాశము ఇచ్చినప్పటికీ అతడు దానిని బుద్ధిపూర్వకముగా తిరస్కరించి దోషయుక్తమైన అర్థమునే ఎంచుకొన్నందునను, అతని దురుద్దేశమును గురించి సందేహమునకు తావు లేదు." దాని కిందనే, సాక్షి పాండిత్యానికి న్యాయస్థానం తన ప్రశంసను నమోదు చేస్తున్నదని మరో వాక్యం.

సాక్ష్యం లేకపోతే ప్రాసిక్యూటరు దురుద్దేశాన్ని తానే రుజువు చేసుకోవలసి వచ్చేది. కోపంలో నోరు జారాడని, కడుపు మండినవాడి మాట అని వాదించడానికి చోటు ఉండేది. తప్పులేని తలుపును పదాలమ్మ తెరిచిపెట్టింది గనక, తమ్ముడు ఆ తలుపులోంచి వెళ్ళకపోవడమే నేరమైంది. మూడేళ్ళు, తగ్గింపు లేదు. ముసలి లాయరు కాగితాలు సర్దుకుంటూ "అవునండి అని ఒక్క మాట అనుంటే" అని నాలుగైదుసార్లు అన్నాడు. న్యాయవ్యవస్థలో బతికి బట్టకట్టడానికి మనిషి తాను అన్నదాన్ని అనలేదనాలన్న సంగతి ఆయనకు ఎంత సహజంగా తోచిందంటే, అలా అనని మనిషి మీద ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

డైరెక్టరుగారు ఆ తీర్పు ప్రతిని తన బల్ల మీది గాజు పలక కింద పెట్టించాడు. "కార్యాలయం పరువు నిలబెట్టారు. ఇంట్లో కష్టం ఉంది, కాదనను. కానీ ఒక కోర్టు మన పుస్తకాన్ని ఇంతగా నమ్మడం ఎన్నడూ లేదు" అన్నాడు. పదాలమ్మ తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ మధ్యాహ్నం కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, అర్థాల వరస గురించి ఏదో అడిగితే, "పీఠిక చదువుకో" అంది. పుట్టిల్లు, అత్తిల్లు అని మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో మరదలు వంట చేసి, కంచం పెట్టి, పక్క గదిలోకి వెళ్ళిపోయేది. చెయ్యి పట్టుకోవడం ఆ ఒక్కరోజుతో సరి.

"నన్ను నాలుగు తిట్టవే, అలా ఉండకు" అంది ఒకరోజు పదాలమ్మ.

"ఎందుకు తిడతాను వదినా? నువ్వు నా మాట వినే కదా అలా చెప్పావు." మరదలు గిన్నె కింద పెట్టింది. "ఆయన నిన్నేం అనలేదు. నన్ను కూడా అనలేదు. అదే నాకు అరగట్లేదు."

జైల్లో మనిషిని చూడనిచ్చే రోజున ఇద్దరూ కలిసి వెళ్ళారు. పొడుగాటి గది, నడిమికి ఇనుప జల్లెడ. అటూ ఇటూ మనుషులు. అందరూ ఒకేసారి మాట్లాడడం వల్ల ప్రతివాళ్ళూ అరవవలసి వస్తోంది. తమ్ముడు చిక్కిపోయాడు గాని నవ్వు మారలేదు. లోపల కూరగాయలు మోసే బండి ఉందని, దానికి బ్రేకుల్లేవని, తోలేది తనేనని చెప్పి భార్యను నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

పదాలమ్మ జల్లెడకు దగ్గరగా జరిగింది. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ వరసలో రాలేదు.

"ఒరేయ్, ఆ రోజు నువ్వు..."

"ఏ రోజక్కా?"

"నీకెవరు చెప్పారని ఆయన అడిగినప్పుడు. నేను లేచి ఉండాల్సింది. నువ్వు నా కోసమని..."

"గుర్తులేదన్నాగా."

"నాకు తెలుసు నీకు గుర్తుంది."

"ఉంది" అన్నాడు వాడు. గొంతులో కోపం లేదు. డ్యూటీ దిగి వచ్చినవాడి అలసట మాత్రం ఉంది. "నిజంగా గుర్తు లేకుండా చేసుకుందామని చూస్తున్నా అక్కా. ఇక్కడ తీరిక ఎక్కువ కదా. ఎవరు చెప్పారన్నది కొన్నాళ్ళకి మర్చిపోతాను. చెప్పింది మాత్రం మర్చిపోను. అది నిజం కాబట్టి."

ఆ తరవాత భార్య వైపు తిరిగి, పిల్ల బడికి సరిగా వెళుతోందా, నీళ్ళ పంపు బాగుచేయించావా అని అడగడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. సమయం అయిపోయిందని కాపలావాడు కర్రతో జల్లెడ మీద కొట్టేదాకా పదాలమ్మ ఆ పక్కనే నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.